నీ బొమ్మల్లో వైజాగ్ ఎక్కడుందని అడిగితే

ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పుంటే సరిదిద్దు. బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, చివరి ఏడు చదువుతున్నావు. ఇల్లు లాసన్స్ బే కాలనీలో, బీచ్‌కి దగ్గర్లో ఒక పాత అపార్ట్‌మెంట్. రెండేళ్లుగా బాల్కనీ గ్రిల్స్, మేడ మీద ట్యాంకుల స్టాండ్లు, తుప్పు పట్టిన మెట్ల రెయిలింగులు వేస్తున్నావు. 'సమకాలీన దక్షిణాసియా కళ, గుర్తింపు' అనే అంశం మీద ఎవరో బొమ్మలు కోరితే ఆరు పంపావు. తీసుకోలేదు. పైగా ఒక ముక్క రాశారు: ఇవి ఏ ఊరి బొమ్మలైనా కావచ్చు, మీ ప్రాంతం కనబడటం లేదు అని. మీ సారు ఒకాయన ఏటికొప్పాక లక్క బొమ్మనో, మన్యంలో థింసా నాట్యం ఆడేవాళ్లనో ఓ మూల పెట్టమన్నారు. నాన్నగారేమో ఇదంతా తిండి పెడుతుందా అంటున్నారు. ఇన్ని మాటల మధ్య నీకు టెన్షన్ పట్టుకుంది, అసలు నా గుర్తింపు ఏంటి అని అడిగావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రింట్ మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ చెక్కి కాగితం మీదికి అచ్చు తీసే పని, నేర్పి రిటైరైనవాణ్ని. 'నువ్వు' అంటున్నాను, నా స్టూడెంట్ల వయసే కాబట్టి ఏమీ అనుకోవనుకుంటాను.

వాళ్ల ప్రశ్న సరైనదే. మీ సారు చెప్పిన మందు మాత్రం పనిచెయ్యదు. ఎందుకంటే ఆ మందు నేను మింగి చూశాను.

కుర్రతనంలో ఒక పెద్ద ఊళ్లో ఆర్ట్ క్యాంప్‌కి పిలిచారు. మిగతావాళ్లందరి బొమ్మల్లోనూ వాళ్ల వాళ్ల ప్రాంతం ఏదో కనబడుతోంది, నా దగ్గర ఏముంది అనిపించింది. ఉత్తరాంధ్రవాణ్ని కదా అని మా వైపు జానపద నాట్యం తప్పెటగుళ్లు వేశాను. పెద్ద కాన్వాస్, కాళ్లకి గజ్జెలు, ఎగిరే మనుషులు, వెనక సింహాచలం కొండ. మొదటి రోజే అమ్ముడుపోయింది. ఆ డబ్బుతో స్కూటర్ కొన్నాను. ఏడాది తర్వాత దాని ఫొటో తెచ్చి మా ఊరివైపు తప్పెటగుళ్లు ఆడే ముసలాయనకి గొప్పగా చూపించాను. ఆయన కాసేపు చూసి, "బాగుంది బాబూ, గానీ గుల్లు నడుముకి కట్టీసేవేటి?" అన్నాడు. తప్పెట గుండె మీద కట్టుకుంటారు. నేను చిన్నప్పట్నుంచి చూసిందే, కానీ చూడలేదన్నమాట. నా 'ప్రాంతీయ గుర్తింపు'ని కొన్నాయనకీ తెలియదు, వేసిన నాకూ తెలియదు. ఆ స్కూటర్ పదేళ్లు నడిపాను, ఎక్కినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది.

ఇక నీ గ్రిల్స్. అవి ఏ ఊరివైనా కావచ్చా? కాదు. హైదరాబాద్‌లో ఇనుము వానకి తుప్పు పడుతుంది, మనకి గాలికి పడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు ఇనుము మీద చేరి తేమని పట్టి ఉంచుతుంది, తుప్పుని తొందరపెడుతుంది. అందుకే ఒకే గ్రిల్‌కి సముద్రం వైపున్న ముఖం పొరలు పొరలుగా లేచిపోతే, ఇంటి వైపున్నది ఇంకా పెయింట్‌తో ఉంటుంది. బీచ్ రోడ్డు మనుషులకి ఇదేమీ వింత కాదు. ఫ్రిజ్ కింది అంచు, ఏసీ బయటి యూనిట్, సైకిల్ చువ్వలు, అన్నీ లెక్క ప్రకారం పోతాయి. పండక్కి ముందు గ్రిల్ గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టడం మనకి ఇంటి సున్నంలాంటిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వంగిన చువ్వల్ని మళ్లీ సాగదీసి బిగించుకున్న ఇళ్లు ఎన్నో. నువ్వు పంపిన ఆరింటిలో మూడోది చూశాను, ఒకే చువ్వ మీద రెండు తుప్పులు వేశావు, ఎడమ పక్క నల్లగా, కుడి పక్క నారింజగా. సముద్రం కాన్వాస్‌లో లేదు, కానీ ఎటువైపుందో చెప్పేయొచ్చు. ఇంతకన్నా వైజాగ్ ఎలా వేస్తారు? నీ పొరపాటల్లా అది వాళ్లకి కనబడేలా చెయ్యకపోవడమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

దక్షిణాసియా అనే మాట గురించి రెండు ముక్కలు. మా అమ్మమ్మది భీమిలి. ఆవిడకి ఒడియావాళ్లు తెలుసు, అరవవాళ్లు తెలుసు, రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చిన చుట్టాలు బోలెడుమంది తెలుసు. దక్షిణాసియా మాత్రం తెలీదు. ఈ మాట ఎవరింట్లోనూ పుట్టలేదు. విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వాల ఫైళ్లలో పెరిగింది. 1985లో ఢాకాలో ఏడు దేశాలతో సార్క్ అనే కూటమి మొదలయ్యాక అందరి నోళ్లలో నలిగింది. ఆ ఏడింటిలో బర్మా లేదు. తమాషా చూడు: మనవాళ్లు తరతరాలుగా పొట్ట చేత పట్టుకుని ఓడెక్కి వెళ్లిన రంగం ఆ మ్యాప్ బయట ఉంది, మా అమ్మమ్మ పేరు కూడా వినని లాహోర్ లోపల ఉంది. తిరిగొచ్చినవాళ్ల బర్మా క్యాంపు మాత్రం మన ఊళ్లోనే ఉంది. కాబట్టి ఆ మాటని నీ ఇంటిపేరులా మొయ్యక్కర్లేదు. అది షాపులో అలమర మీద అంటించిన చీటీ. చీటీ వల్ల ఉపయోగం లేకపోలేదు, ఆ అలమరలో నీ పక్కన ఎవరెవరున్నారో చూడొచ్చు. లాహోర్‌లో సన్నటి కుంచెతో చిన్నగా వేసే మినియేచర్లు, ఢాకా రిక్షా బొమ్మలు ఆ చీటీ లేకపోతే నీ కంటపడేవి కావేమో. చూడు, నేర్చుకో. చీటీ చూసి బొమ్మ మార్చకు.

బయటివాళ్ల కోసం పని చెయ్యడం, అందులో మనది ఏదీ అని వెతుక్కోవడం ఈ ఊరికి కొత్త కాదు. ఇది నీకు కాలేజీలో చెప్పారో లేదో, కాస్త వివరంగానే చెబుతాను.

18వ శతాబ్దంలో విశాఖపట్నం పేరు ఇంగ్లండ్ దాకా తెలిసింది ఓడరేవు వల్ల కాదు, అసలు అప్పటికి ఇప్పటి పోర్టే లేదు, అది 1933లో మొదలైంది. తెలిసింది కర్రసామాను వల్ల. ఇక్కడి కంసాలులు కంపెనీ దొరల కోసం కుర్చీలు, రాతబల్లలు, అద్దం బీరువాలు, నగల పెట్టెలు చేసేవారు. నల్లటి కర్రలో ఏనుగు దంతం పొదిగేవారు. తర్వాత తర్వాత పెట్టె మొత్తానికి దంతపు రేకులు తాపడం చేసేవారు. ఆ దంతం మీద వెంట్రుకలాంటి గీతలు చెక్కి, గీతలో నల్ల లక్క నింపి తుడిచేవారు. తెల్లటి దంతం మీద నల్ల గీత, పెన్నుతో వేసినట్టు ఉంటుంది. మన ప్రింట్ మేకింగ్ భాషలో చెప్పాలంటే అచ్చు ఎన్‌గ్రేవింగే, కాకపోతే కాగితం మీదికి తియ్యరు, ప్లేటే బొమ్మ. 19వ శతాబ్దం వచ్చేసరికి చిన్న గంధపు చెక్క పెట్టెలు ఎక్కువయ్యాయి, వాటికి కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్లపంది ముళ్లు కూడా వాడారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ సామాను ఉంది. ఇప్పటికీ వేలంపాటల్లో ఇలాంటి పెట్టె వస్తే మన ఊరి పాత ఇంగ్లీష్ పేరుతోనే, వైజాగపటం అనే పిలుస్తారు.

ఆ రాతబల్ల ఆకారం చూస్తే పూర్తిగా ఇంగ్లీషు. కాళ్లు, సొరుగులు, పైన త్రికోణపు కిరీటం, అన్నీ దొర గీసిచ్చిందో, చూపించిన నమూనాయో. కానీ అంచు చూడు. చుట్టూ పాకే పూలతీగ మన కోస్తాలో అద్దిన చీటి గుడ్డల (పూల అద్దకపు నూలు గుడ్డల) మీది తీగ. గుడ్డ మీద కలంతో వేసేదాన్ని దంతం మీదికి ఉలితో దించారు. గీత నింపిన లక్క మన చుట్టుపక్కల మన్యంలో దొరికేదే. అంటే గిరాకీ లండన్‌ది, ఆకారం లండన్‌ది, చెయ్యి వైజాగ్‌ది. వాళ్లు ఆ పెట్టె మీద ఇది మా ఊరిదని తెలియడానికి తాటిచెట్టు చెక్కలేదు. అయినా రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఎక్కడ తయారైందో చూడగానే చెప్పేస్తున్నారు. గుర్తింపు బొమ్మలో ఏం పెట్టావన్న దాంట్లో ఉండదు, గీత ఎలా నిండిందన్న దాంట్లో ఉంటుందని నాకు నమ్మకం కుదిరింది ఆ పెట్టెల ఫొటోలు చూశాకే.

వాటిని చూసి మురిసిపోవడానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి దంతం. ఇప్పుడు మన దేశంలో దాని వ్యాపారం నిషేధం, ఉండాల్సిన నిషేధమే. రెండోది, పాత పెట్టెల్లో చాలావాటి మీద చేసినవాడి పేరు లేదు. ఊరి పేరు మిగిలింది, మనిషి పేరు పోయింది. నువ్వు బొమ్మ వెనక పేరు, తేదీ, వాడిన సామగ్రి రాస్తున్నావా? నువ్వు పంపిన ఫొటోల్లో ఒక్కదాని మీదా సంతకం కనబడలేదు. ఈ రోజే మొదలుపెట్టు.

మన ఊళ్లోనే ఉండి పని చేసిన ఇద్దరి గురించి నీకు తెలిసే ఉంటుంది. శిల్పి జి. రవీందర్ రెడ్డి గారు 1956లో సూర్యాపేటలో పుట్టారు, బరోడాలో, లండన్‌లో చదివారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగంలో పాఠాలు చెప్పారు. ఆయన చేసిన ఆడవాళ్ల తలలు మనిషి కన్నా పెద్దవి, బంగారు పూత, రెప్ప వెయ్యని కళ్లు, వెనక నిండు కొప్పు, పూలు. గుళ్లో అమ్మవారిలా ఉంటుంది, పూర్ణా మార్కెట్లో బేరమాడే మనిషిలానూ ఉంటుంది. చేసింది ఫైబర్‌గ్లాస్‌తో. ఫిషింగ్ హార్బర్లో పడవలకి వాడేదీ ఆ జాతి సరుకే. ఇది చాలామంది పట్టించుకోరు. శిల్పం అంటే రాయి, కంచు అనుకునే చోట ఆయన అందరూ చూసే మెరుపు సరుకుని పట్టుకున్నారు. ఇక చిత్రకారుడు వి. రమేశ్ గారు, ఆయనా అదే విభాగంలో పనిచేశారు. ఆయన బొమ్మల్లోకి భక్తి కవుల మాటలు అక్షరాలుగానే వస్తాయి. చదువుదామని దగ్గరికి వెళ్తే రంగు పొరల్లో సగం మునిగి ఉంటాయి. నాకు అది మన ఇళ్లలో పారాయణం వినబడినట్టు ఉంటుంది, మాట తెలుస్తుంది గానీ అంతా తెలియదు. ఈ ఇద్దరి పనీ పక్కపక్కన పెడితే ఒకే ఊరివాళ్లంటే ఎవరూ నమ్మరు. వైజాగ్ స్టైల్ అనేది ఒకటి లేదని దీన్నిబట్టే అర్థం చేసుకో, లేకపోవడం మన అదృష్టం.

స్టైల్ అంటూ ఒకటి ఏర్పడితే ఏమవుతుందో చిత్రకారుడు తోట వైకుంఠం గారి విషయంలో చూశాం. ఆయన వేసే ఆడవాళ్లు ఆయన పుట్టిన తెలంగాణ పల్లె మనుషులు, వాళ్లమ్మ. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, వెనక్కి వచ్చి, తన ఊరిని మళ్లీ చూసి ఆ ఎరుపు పట్టుకున్నారు. ఇప్పుడు హోటల్ లాబీకి వెళ్లు, పెళ్లి పందిరికి వెళ్లు, ఎవరెవరో వేసిన ఆ పెద్ద బొట్టు, ఆ చిలక, ఆ ముక్కుపుడక. ఆయనకి అది వాళ్లమ్మ. వీళ్లకి అది తెలుగుదనం అనే వాల్‌పేపర్.

లాహోర్ ఉదాహరణ ఒకటి. షాజియా సికందర్ 1969లో లాహోర్‌లో పుట్టింది. అక్కడి నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఎనభైల చివర మినియేచర్ తీసుకుంది. అప్పట్లో తోటి స్టూడెంట్లకి మినియేచర్ అంటే టూరిస్టులకి అమ్మే సరుకు, పాతకాలపు పని. ఆమె మాత్రం నేల మీద కూర్చుని, పొరలు పొరలుగా అతికే వస్లీ కాగితం అంటించుకోవడం దగ్గర్నుంచి ఉడుత వెంట్రుకల కుంచె దాకా అంతా ఓపిగ్గా నేర్చుకుంది. ఆ తర్వాత ఆ పద్ధతిలో రాజునీ, వేటనీ వెయ్యలేదు. సుమారు ఐదడుగుల పొడవు కాగితం మీద ఈ కాలపు ఇల్లు, ఆ ఇంట్లో గది నుంచి గదికి తిరిగే ఒక అమ్మాయిని వేసింది. పద్ధతి పాతది, ఇల్లు తనది. మీ సారు చెప్పిన సలహా దీనికి సరిగ్గా తిరగేసి ఉంది చూశావా? పద్ధతి ఎక్కడిదో తెచ్చుకుని, పైన పాత బొమ్మ అతికించమంటున్నారు.

నా పక్షపాతం కొద్దీ కృష్ణారెడ్డి గారిని చెప్పకుండా వదల్లేను. 1925లో చిత్తూరు వైపు పల్లెలో పుట్టి, శాంతినికేతన్ మీదుగా పారిస్‌లో హేటర్ అనే ప్రింట్ మేకర్ స్టూడియోలో చేరి, ఒకే ప్లేటు మీంచి ఒకే దెబ్బకి అన్ని రంగులూ అచ్చు తీసే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు. సిరాలో నూనె మోతాదు మార్చి ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా చేస్తే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ప్లేటు లోతుల్ని బట్టి, రోలర్ మెత్తదనాన్ని బట్టి దేని చోట అది కూర్చుంటుంది. ఇది వినడానికి కెమిస్ట్రీ, చేస్తే వంటే. పులుసు ఎంత చిక్కగా ఉందో గరిటెతో తెలుసుకునే చెయ్యి కావాలి. నేను చూసిన ఆయన ప్రింట్లలో నీళ్లు, అలలు, పురుగులు ఉన్నాయి. నేను భారతీయుణ్ని అని చెప్పే గుర్తులేవీ విడిగా అతికించి లేవు. 2018లో పోయారు. మన పిల్లలకి పారిస్ పేరు తెలుసు గానీ ఆయన పేరు తెలియదు, అది నా బాధ.

సరే, నీ తుప్పుకి వద్దాం. నువ్వు తుప్పుని ఆయిల్ రంగుతో వేస్తున్నావు, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు ట్యూబ్ పిండి. తుప్పుతోనే ఎందుకు వెయ్యవు?

కలంకారీలో నలుపు ఎక్కడిదో తెలుసా? తుప్పుదే. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు నానబెడతారు. బెల్లం పులుస్తుంది, ఆ పులుపు ఇనుముని కరిగిస్తుంది. వడగడితే పల్చటి గోధుమరంగు నీళ్లు, చూడ్డానికి అందులో నలుపేమీ ఉండదు. గుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కలంతో ఆ నీళ్లు తాకించగానే కరక్కాయలో వగరు, నీళ్లలో ఇనుము కలిసి కళ్ల ముందే నల్లబడుతుంది. పాలు ఉండేది గీత పాకకుండా. మన తాతల కాలం సిరా కూడా ఇంతే, కరక్కాయ, అన్నభేది అనే ఇనుప ఉప్పు. నేను మొదటిసారి శ్రీకాళహస్తిలో ఈ గీత నల్లబడటం చూసినప్పుడు ఆ పనాయన్ని నాలుగుసార్లు మళ్లీ మళ్లీ వెయ్యమన్నాను, విసుక్కున్నాడు.

అంటే మీ బాల్కనీ గ్రిల్ గీకితే రాలే పొడి, కలంకారీ నలుపు ఒకే వంశం. ఆ వైజాగ్ పెట్టెల అంచుల్లో తీగ ఏ గుడ్డల నుంచి వచ్చిందో, ఆ గుడ్డల మీది నల్ల గీతకి మూలం ఇదే తుప్పు. నువ్వు రెండేళ్లుగా ఏం వేస్తున్నావో నీకే తెలియకుండా దాని మీద చెయ్యి పెట్టావు. ఏటికొప్పాక బొమ్మ అక్కర్లేదు తల్లీ, సంప్రదాయం నీ గ్రిల్‌కే అంటుకుని ఉంది.

చేసి చూడాలనుకుంటే: మీ మేడ మీద పాడైన గ్రిల్ ముక్కలు ఓ గుప్పెడు, చిన్న బెల్లం ముక్క, మునిగేంత నీళ్లు, మట్టి పాత్ర గానీ గాజు సీసా గానీ. మూత బిగించకు, గ్యాస్ వస్తుంది. బాల్కనీలో పెట్టు, వంటింట్లో పెడితే అమ్మ ఊరుకోదు, వాసన అలాంటిది. కొలతలు నేను చెప్పను, నీ తుప్పు నీదే, నాలుగు సీసాలు నాలుగు పాళ్లలో పెట్టి పేర్లు రాసుకో. గంజి పోయేలా బాగా ఉతికిన నూలు గుడ్డ తీసుకో. పాలు లేకుండా ఒకటి, పాలతో ఒకటి చెయ్యి. పాలు లేనిదాని మీద గీత పాకుతుంది, నీ పనికి ఆ పాకడమే బాగుండొచ్చు, గోడ మీద తుప్పునీళ్లు కారినట్టు. చేతికి గ్లౌజులు వేసుకో. తడి తుప్పు గ్రిల్‌ని నేరుగా కరక్కాయ గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచితే ఏమవుతుందో కూడా చూడు.

ఒక హెచ్చరిక. ఇనుపనలుపు గుడ్డని తింటుంది. పాత చీటి గుడ్డల్లో మిగతా అంతా బాగుండి నల్ల గీత ఉన్నచోటే పొడై రాలిపోయినవి మ్యూజియంల్లో కనబడతాయి. కాగితం మీదా అంతే. కొనేవాళ్లకి ఇది ముందే చెప్పాలి. అయితే గ్రిల్‌ని తిన్నదే గుడ్డనీ తింటోందంటే, నీ అంశానికి అది లోపమా? నువ్వే తేల్చుకో.

ఏటికొప్పాక వెళ్లొద్దని కాదు నా మాట. తప్పకుండా వెళ్లు, బొమ్మ గియ్యడానికి కాకుండా పని చూడటానికి. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి రంగులు తీసే పనిని మళ్లీ నిలబెట్టినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు అక్కడ చేసినవాళ్లకే చెందుతుంది, ఇంకెక్కడో చేసి ఆ పేరుతో అమ్మకూడదు. నీకు వాళ్ల పని కావాలంటే మనిషితో మాట్లాడి, రోజు కూలి కాకుండా సరైన ధర ఇచ్చి, బొమ్మ కింద నీ పేరు పక్కన ఆయన పేరు వెయ్యి. సవర గిరిజనుల బొమ్మల విషయంలో నేనింకా కచ్చితంగా ఉంటాను. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు వాళ్ల దేవుళ్లకీ, పోయిన పెద్దలకీ సంబంధించినవి. డిజైన్ బాగుందని సంచుల మీద అచ్చేసే పని నా దగ్గరికి ఒకసారి వచ్చింది, చెయ్యనన్నాను.

ఇప్పుడు ఆ బొమ్మలతో పాటు వాటి గురించి నువ్వు రాసిన స్టేట్‌మెంట్. 'నా కళ స్మృతి, స్థలం, అస్తిత్వాల మధ్య నిరంతర సంభాషణ' అని మొదలుపెట్టావు. అలాంటివి ఆ జ్యూరీ ఆ రోజు చాలానే చదివి ఉంటుంది. నీ ప్రశ్నలో నాకు రాసిన మాటలే తీసి వరసగా పెట్టాను చూడు: 'నేను విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంటాను. మా బాల్కనీ గ్రిల్ నా పదేళ్ల వయసు నుంచి రెండుసార్లు మార్చారు. నాన్న ఫిట్టర్, వెల్డింగ్ ఆయనే చేశారు. సముద్రం వైపు చువ్వలు ముందు పోతాయి. నేను ఆ చువ్వలు వేస్తాను.' ఐదు వాక్యాలు. ప్రాంతం కనబడటం లేదని ఇప్పుడు ఎవరైనా అనగలరా? ముందు తెలుగులో రాసుకో, తర్వాత ఇంగ్లీష్ చెయ్యి. నేరుగా ఇంగ్లీష్‌లో మొదలుపెడితే అరువు మాటలే వస్తాయి, నాకూ అంతే.

నాన్నగారి ప్రశ్నకి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. మా బ్యాచ్‌లో బొమ్మలు అమ్ముకుని మాత్రమే బతికినవాళ్లు ఇద్దరు. మిగతా అందరం బడి, కాలేజీ, యాడ్ ఏజెన్సీ, సినిమా సెట్లు. ఉద్యోగం చేసుకుంటూ వెయ్యడం సిగ్గుపడే విషయం కాదు. కానీ నాన్నగారికి వెల్డింగ్ తెలుసు కదా, ఆయన్ని ఒకసారి నీ గదిలోకి పిలిచి ఏ తుప్పు ఎన్నేళ్లదో అడుగు. డబ్బు సంగతి తేలకపోయినా మాట కలుస్తుంది.

డబ్బుకి సంబంధించి చట్టం మాత్రం తెలుసుకో, మా తరం తెలుసుకోక నష్టపోయింది. కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. అంటే నీ బొమ్మని వాళ్లు క్యాలెండర్ వేసుకోవచ్చు. కాబట్టి ఆర్డర్ తీసుకునేటప్పుడు కాపీరైట్ నాదే అని ఒక్క లైను రాయించుకో, వాట్సాప్ మెసేజ్ అయినా సరే, ఏమీ లేకపోవడం కన్నా నయం. సెక్షన్ 57 ఇంకొకటి. హక్కులు అమ్మేసినా, నీ పేరు తీసెయ్యడానికీ, నీ పరువు పోయేలా బొమ్మని పాడుచెయ్యడానికీ వీల్లేదని అంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని 1979లో పీకేస్తే ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఐదు లక్షల నష్టపరిహారం ఇమ్మంది, మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చెయ్యమంది. నేను ఒక ఆఫీసు గోడకి నెల రోజులు కష్టపడి వేసిన బొమ్మ మీద కొత్త అధికారి రాగానే సున్నం కొట్టించారు. నాకు ఈ సెక్షన్ సంగతి అప్పటికి తెలియదు, ఇంటికొచ్చి పడుకున్నాను.

చూడటానికి వెళ్లాల్సినవి: కొచ్చి బినాలే, రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, నీకు ఎలాగైనా ఒకసారి కావాలి. అది 2012లో మొదలైంది, ఢాకా ఆర్ట్ సమ్మిట్ కూడా ఆ ఏడాదే. కొచ్చికి రైల్లో స్లీపర్ టికెట్‌తో పోవచ్చు, స్టూడెంట్ల కోసం విడిగా స్టూడెంట్స్ బినాలే కూడా పెడతారు. కనీసం మూడు రోజులుండు, మొదటి రోజు కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగలదు. లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రాలు చెన్నైలోనూ భువనేశ్వర్‌లోనూ ఉన్నాయి, మనం రెండింటికీ మధ్యలో ఉండి రెండింటినీ వాడుకోం. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ అయితే పొద్దున్న వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండానే 1925లో మశూచితో పోయిన మనిషి అంత పని ఎప్పుడు చేశాడా అనిపిస్తుంది.

మళ్లీ ఎక్కడికైనా పంపే ముందు సీసాలు పెట్టి, ఆ మూడో బొమ్మనే గుడ్డ మీద తిరిగి చెయ్యి. వర్షాకాలంలో మొదలుపెట్టకు, గుడ్డ ఆరదు, బూజు పడుతుంది. సంక్రాంతి తర్వాత ఎండ బాగుంటుంది. కరక్కాయలు మందుల దుకాణంలో పొడి కొనకు, పచారీ కొట్లో కాయలే అడుగు, గింజ తీసి నువ్వే దంచుకో.